నీళ్ళు ఎటు పోతున్నాయిరా? నాన్నతో ఎవర్‌గ్లేడ్స్, కీస్ దీవుల్లో ఐదు రోజులు

నాన్న అమెరికా రావడం ఇది రెండోసారి. మొదటిసారి వచ్చినప్పుడు న్యూయార్క్, వాషింగ్టన్, నయాగరా అన్నీ తిప్పాం, తిరిగెళ్ళాక ఊళ్ళో ఎవరు ఏం అడిగినా "పెద్ద పెద్ద బిల్డింగులు, అంతే" అని ఒక్క ముక్కలో తేల్చేశాడట. తప్పు నాదే. కైకలూరు పక్క పల్లెలో, కొల్లేటి గట్టున పుట్టి డెబ్భై ఏళ్ళు అక్కడే ఉన్న మనిషికి బిల్డింగులు చూపించి ఏం లాభం? అందుకే ఈసారి డిసెంబరు సెలవుల్లో ఫ్లోరిడా దక్షిణపు కొసకి టికెట్లు తీశాను. మా ఆవిడకి బీచ్ కావాలి, తొమ్మిదేళ్ళ మా అమ్మాయికి మొసళ్ళు కావాలి, నాన్నని అడిగితే "ఏదైనా పర్లేదురా" అన్నాడు. అక్కడ చిత్తడి నేలలా పరుచుకున్న ఎవర్‌గ్లేడ్స్‌కి వెళ్ళాలంటే డిసెంబరు నుంచి ఏప్రిల్ లోపలే వెళ్ళాలి. అది అక్కడ వానల్లేని కాలం, దోమలు తగ్గుతాయి, నీళ్ళు తగ్గి పక్షులూ మొసళ్ళూ మిగిలిన గుంటల దగ్గర చేరతాయి. ఎండాకాలంలో వెళ్ళొచ్చిన మా ఆఫీసు ఫ్రెండ్ ఒకడు కారు దిగకుండానే వెనక్కి తిప్పేశాడు.

మొదటి రోజు

అట్లాంటాలో తెల్లవారుజామున ఫ్లైటెక్కి మయామీలో దిగి, కారు అద్దెకి తీసుకుని, నేరుగా పడమటికి 41వ నంబరు రోడ్డు పట్టుకున్నాం. దీన్ని టమయామీ ట్రయిల్ అంటారు, టాంపాకీ మయామీకీ కలిపి పెట్టిన పేరు. ఊరు దాటగానే ఇళ్ళు కత్తిరించినట్టు ఆగిపోయాయి. కుడి పక్కన కాలవ, ఎడమ పక్కన కనుచూపు మేర గడ్డి, మధ్యలో గట్టు మీద రోడ్డు. నాన్న అప్పటిదాకా నిద్రపోతున్నాడనుకున్నాను, ఉన్నట్టుండి వెనక సీట్లోంచి "ఈ గట్టు ఎవరు వేశారు?" అన్నాడు.

"రోడ్డు నాన్నా అది."

"రోడ్డే. గట్టు మీద వేశారు కదా. నీళ్ళు ఎటు పోతున్నాయిరా?"

కదుల్తున్నట్టే లేవు అన్నాను. "కదలకపోతే వాసనొస్తాయి, ఇవి రావట్లేదు" అని కిటికీ అద్దం దించి కూర్చున్నాడు.

షార్క్ వ్యాలీ అనే చోటుకి వెళ్ళేసరికి పార్కింగ్ నిండిపోయి బయట రోడ్డు పక్కనే ఆపాల్సి వచ్చింది. అక్కడ షార్కూ లేదు, లోయా లేదు, షార్క్ నది పేరు మీద అలా పిలుస్తారు. 15 మైళ్ళ చుట్టుదారి, సైకిలు మీద తిరగొచ్చు, నడవొచ్చు, లేదా ట్రామ్ అని పిలిచే పొడుగాటి తెరుపు బండి ఎక్కొచ్చు. మేం ముందే ట్రామ్ బుక్ చేసుకున్నాం, రెండు గంటలు తిప్పుతారు. దారి పక్కనే, నిజంగా అడుగు దూరంలో, ఎలిగేటర్లు, అంటే మొసలికి దగ్గరి చుట్టాలు, ఎండ కాచుకుంటూ పడున్నాయి. 15 అడుగులు దూరం ఉండాలని బోర్డు పెట్టారు గానీ ఆ సంగతి వాటికెవరూ చెప్పినట్టు లేదు, ఒకటి సగం తారు మీదే ఉంది. మా అమ్మాయి పన్నెండు దాకా లెక్కపెట్టి ఆపేసింది.

ట్రామ్ ఆగినప్పుడు నాన్న పక్కకి వంగి గడ్డి ఆకు ఒకదాన్ని వేలితో కింద నుంచి పైకి నిమిరాడు, ఆ తర్వాత పై నుంచి కిందకి నిమరబోయి చటుక్కున చెయ్యి తీసేశాడు. ఆకు అంచంతా రంపం పళ్ళే. "ఇది గడ్డి కాదురా, తుంగ" అన్నాడు. ఐదు నిమిషాల తర్వాత ట్రామ్‌లో గైడ్ మైకు పట్టుకుని అదే చెప్పింది, అందరూ సా గ్రాస్ అంటారు గానీ ఇది గడ్డి జాతి కాదు, సెడ్జ్ అని. సెడ్జ్ అంటే తుంగే కదా. నేను అనువదించి చెబితే నాన్న నా వైపు కూడా చూడలేదు, తెలిసిందే కదా అన్నట్టు.

కానీ ఆమె చెప్పిన మిగతాది మాత్రం చెవులు రిక్కించి విన్నాడు. ఇది చిత్తడి నేలలా కనిపిస్తుంది గానీ నిజానికి నది. ఉత్తరాన ఒకీచోబీ అనే పెద్ద సరస్సు ఉంది. వెనకటికి వానాకాలంలో అది పొంగి, దక్షిణపు ఒడ్డు మీంచి పొర్లి, 60 మైళ్ళ వెడల్పున, మోకాలి లోతున, సున్నపురాయి నేల మీద నెమ్మదిగా జారుతూ సముద్రంలో కలిసేది. వాలు మైలుకి రెండు మూడు అంగుళాలు మాత్రమే. సరస్సుకి కట్టలు కట్టారు, కాలవలు తవ్వి నీళ్ళు తోడారు, ఎండిన చోట చెరకు వేశారు, ఊళ్ళు కట్టారు. పాత ఎవర్‌గ్లేడ్స్‌లో సగం పోయింది. 1928లో పూర్తయిన మా 41వ నంబరు రోడ్డు మిగిలిన నీటికి అడ్డంగా కూర్చుంది. కింద తూములున్నాయి గానీ చాల్లేదు. అందుకని 2013లో ఒక మైలు మేర రోడ్డు తీసేసి వంతెన వేశారు, తర్వాత ఇంకో రెండు మైళ్ళ పైచిలుకు.

"తూములు చాలవురా" అన్నాడు నాన్న, తనకి బాగా అనుభవమైన విషయంలా. చేపల చెరువుల గట్ల మీద ఎన్ని పంచాయితీలు చూశాడో మరి.

సగం దారిలో వాచ్ టవర్ ఎక్కితే నాలుగు పక్కలా అదే తుంగ, మధ్యమధ్య చెట్ల గుబుర్లు. మా వైపు లంకలు ఎలా ఉంటాయో అచ్చం అలాగే ఉన్నాయవి.

తిరుగుదారిలో మికసూకీ ఆదివాసుల ఇళ్ళు రోడ్డు పక్కన కనిపించాయి. గోడల్లేని పాకలు, పైన ఆకు కప్పు. చీకీ అంటారట. వెనక పెద్ద ఫ్యానుతో నడిచే పడవ, ఎయిర్‌బోట్, ఎక్కుదామని మా అమ్మాయి గొడవ చేసింది గానీ ఆ ఫ్యాను మోత చూసి నాన్న వద్దన్నాడు, నేను లోపల్లోపల థాంక్స్ చెప్పుకున్నాను. రాత్రికి హోమ్‌స్టెడ్ అనే ఊళ్ళో దిగిన మోటెల్ పేరు చెప్పను. మైక్రోవేవ్ ఉందని రాసి, అడిగితే ఆఫీసు గదిలో ఉన్నదాన్ని వాడుకోమన్నారు. పెరుగన్నమే తిన్నాం.

రెండో రోజు

ఈ ట్రిప్ మొత్తంలో ఒకే ఒక రోజు మళ్ళీ ఇస్తామంటే నేను ఈ రోజే అడుగుతాను.

హోమ్‌స్టెడ్ వైపు నుంచి పార్కుకి అసలు గేటు. ఎవర్‌గ్లేడ్స్ నేషనల్ పార్క్ అంటే 15 లక్షల ఎకరాలు. 1947 డిసెంబరులో అప్పటి అధ్యక్షుడు ట్రూమన్ వచ్చి ప్రారంభించాడు. అప్పటిదాకా అమెరికాలో నేషనల్ పార్క్ అంటే కొండలో, జలపాతాలో, లోయలో ఉండాలి. చూడ్డానికి ఏమీ లేని చోటుని అందులో బతికే జీవాల కోసం పార్కు చేయడం వింతగా తోచింది చాలామందికి.

లోపలికెళ్ళగానే రాయల్ పామ్ దగ్గర ఆగాం. పార్కింగ్‌లో ఒక పెట్టె నిండా నీలం బరకాలు, కొక్కేలున్న రబ్బరు తాళ్ళు. ఎందుకంటే ఇక్కడి నల్ల రాబందులకి కారు రబ్బరంటే ఇష్టం, వైపర్లూ కిటికీ బీడింగులూ పీకి పెడతాయి, కాబట్టి కారు కప్పుకోండి, ఉచితం అని బోర్డు. నేను నవ్వుకున్నాను. నవ్వుతూ తల ఎత్తితే పక్క కారు టాప్ మీద రెండు కూర్చుని ఉన్నాయి, ఒకటి అద్దం అంచు రబ్బరుని ముక్కుతో పట్టుకుని, కాలు తన్నిపెట్టి, ఇసుకలో వేరు లాగినట్టు లాగుతోంది. అద్దె కారు గుర్తొచ్చి గుండె జారింది. ఒక బరకం తెచ్చి ఏదో ఒకలా పైన వేసి నాలుగు కొక్కేలు తగిలించాను, గాలికి బెలూన్‌లా లేచింది.

నాన్న వచ్చి "తియ్" అన్నాడు. గాలి ఎటు నుంచి వస్తోందో నిలబడి చూశాడు. గాలి వైపు అంచుని మడత పెట్టి టైరు కింద తొక్కించమని నన్ను కారు అరడుగు ముందుకి కదిలించమన్నాడు, రెండో బరకాన్ని మొదటిదాని మీద జానెడు ఎక్కించి వేశాడు, వైపర్ల దగ్గర చెయ్యి పెట్టి బిగువు చూసి, తాళ్ళు అడ్డంగా కాకుండా ఐమూలగా లాగి కట్టాడు. కళ్ళంలో ధాన్యం రాశి మీద, తుఫాను మబ్బు పట్టినప్పుడు ఎలా కప్పేవాడో అదే పని. చివరికి కారు రబ్బరు ఒక్కటి కూడా బయటికి కనపడలేదు. పక్కన ఒక ముసలి దంపతులు చూస్తూ నిలబడ్డారు, వాళ్ళ కారు కూడా కప్పి పెట్టమని అడిగారు, నాన్న కప్పి పెట్టాడు, షేక్‌హ్యాండ్ ఇచ్చారు. ఆ రోజంతా మనిషి హుషారు వేరు.

అన్హింగా ట్రయిల్ అని నీళ్ళ మీద చెక్కబాట, ఒక మైలు కూడా ఉండదు. అన్హింగా అంటే పాము మెడలాంటి మెడ ఉన్న నల్ల పక్షి. మన నీటికాకిలాగే రెక్కలు చాపి ఆరబెట్టుకుంటుంది. మా కళ్ళ ముందే ఒకటి మునిగి ఒక చేపని సూదికి గుచ్చినట్టు ముక్కుకి గుచ్చుకుని పైకి తెచ్చింది. గుచ్చుకున్న చేపని మింగడం ఎలా? చెక్క కమ్మీకేసి రెండుసార్లు కొట్టింది, విదిలించి గాల్లోకి ఎగరేసి, తల ముందు వచ్చేలా పట్టుకుని మింగింది. మెడలో ఆ ఉబ్బు కిందకి దిగడం కనిపించింది. మా అమ్మాయి "ఛీ" అంటూనే మళ్ళీ చూడాలని పావుగంట అక్కడే నిలబడింది. ఇక్కడి ఎలిగేటర్లు వానల్లేని కాలంలో బురద తోడి గుంటలు చేసుకుంటాయట, ఆ గుంటల్లో మిగిలిన నీటి మీదే చేపలు, తాబేళ్ళు, కొంగలు బతుకుతాయి. తినేవాడే నీళ్ళిచ్చి పోషిస్తున్నాడన్న మాట.

పక్కనే గంబో లింబో అనే చెట్ల మధ్య ఇంకో చిన్న దారి. ఆ చెట్టు బెరడు ఎర్రగా పొరలు పొరలుగా ఊడుతుంది, ఎండకి కమిలిన తెల్లవాళ్ళ ఒంటిలా, అందుకని ముద్దుగా టూరిస్ట్ చెట్టు అంటారు.

అక్కడి నుంచి ఫ్లమింగో దాకా వెళ్ళే రోడ్డు మీద ఒక బోర్డు ఉంది: రాక్ రీఫ్ పాస్, ఎత్తు 3 అడుగులు. పాస్ అంటే కనుమ. మూడడుగుల కనుమ! ఫొటో దిగాం. నాన్నకి మాత్రం నవ్వు రాలేదు. కొల్లేటి హద్దు సముద్ర మట్టానికి ఐదడుగుల ఎత్తు గీతా మూడడుగుల గీతా (ఐదో కాంటూరా మూడో కాంటూరా) అని ఏళ్ళ తరబడి కోర్టుల్లో కొట్టుకుంటున్న ఊరి నుంచి వచ్చిన మనిషికి రెండడుగుల ఎత్తు అంటే ఎన్ని వేల ఎకరాలో తెలుసు. ఇక్కడా అంతే, మూడడుగులు లేచేసరికి తుంగ పోయి పైన్ చెట్లు వచ్చేశాయి.

ఫ్లమింగో అనేది రోడ్డు చివర, గేటు నుంచి 38 మైళ్ళు. దాని తర్వాత ఫ్లోరిడా బే, ఉప్పునీళ్ళు. ఎలిగేటరూ మొసలీ రెండూ కలిసి బతికే చోటు ప్రపంచంలో ఈ దక్షిణ ఫ్లోరిడా ఒక్కటే. పడవల రేవు పక్కన సిమెంటు మీద పడుకున్న మొసలిని చూస్తే తేడా తెలిసింది, మూతి సన్నం, రంగు బూడిద, నోరు మూసినా పళ్ళు బయటికే. రేవు నీళ్ళలో "ఫుస్" మని చప్పుడు, చూస్తే మనాటీ, అంటే సముద్రపు ఆవు. గేదె నీళ్ళలో మునిగి ముట్టె మాత్రం పైకి పెట్టినట్టు పెట్టి, గాలి పీల్చుకుని మళ్ళీ మునిగింది. దోమలు ఉన్నాయి, లేవని ఎవరైనా చెబితే నమ్మకండి. నాన్న సూట్‌కేసులో తెచ్చుకున్న ఓడోమాస్ నలుగురం రాసుకున్నాం.

ఫ్లమింగో విజిటర్ సెంటర్‌కి గై బ్రాడ్లీ పేరు పెట్టారు. నూరేళ్ళ కిందట ఆడవాళ్ళ టోపీలకి తెల్లకొంగ ఈకలు పెట్టే ఫ్యాషన్ నడిచింది, ఆ ఈకలు బంగారం కంటే ఖరీదు పలికాయి, గూళ్ళ మీద కూర్చున్న కొంగల్ని గుంపులు గుంపులుగా కాల్చేశారు. వాటికి కాపలాగా వేసిన మనిషి బ్రాడ్లీ. 1905లో ఒక వేటగాడు అతన్నే కాల్చి చంపాడు. ఇది చెబుతుంటే మా ఆవిడ, "అంటే మనం ఇవాళ చూసిన కొంగలన్నీ అప్పుడు మిగిలిన వాటి మనవలన్నమాట" అంది.

మూడో రోజు

హోమ్‌స్టెడ్ చుట్టుపక్కల పళ్ళ తోటలు బోలెడు. రాబర్ట్ ఈజ్ హియర్ అనే పళ్ళ కొట్టులో సపోటా, జామ, పనస చూసి నాన్న ముఖం వెలిగింది. ధర చూసి మళ్ళీ ఆరింది. సపోటా మిల్క్‌షేక్ తాగాం, రెండు చాలు నలుగురికి.

బిస్కేన్ నేషనల్ పార్క్ విచిత్రమైంది, 95 శాతం నీళ్ళే. పడవ లేకపోతే ఒడ్డున నిలబడి చూసి రావడమే. పొద్దున గాలి ఎక్కువని పడవ ఆలస్యంగా బయల్దేరింది. బోకా చీటా అనే చిన్న దీవిలో దింపారు. అక్కడున్న లైట్‌హౌస్ ఓడల కోసం కట్టింది కాదు, 1930ల చివర్లో హనీవెల్ అనే కోటీశ్వరుడు ముచ్చటపడి అలంకారానికి కట్టుకున్నాడు. దాని మీదికెక్కితే ఉత్తరాన మయామీ బిల్డింగులు కనిపిస్తాయి.

దీవి నాకు మామూలుగానే అనిపించింది, పడవ కెప్టెన్ చెప్పిన కథ మాత్రం బావుంది. 1960ల్లో ఈ దీవులన్నిటి మీదా ఐలాండియా అని ఊరు కడతామని రియల్ ఎస్టేట్ వాళ్ళు బయల్దేరారు. పార్కు వచ్చేలా ఉందని తెలిశాక, కసి కొద్దీ, ఇలియట్ కీ అనే దీవి మధ్యలో ఏడు మైళ్ళ పొడవున, ఆరు వరసల రోడ్డంత వెడల్పున, బుల్డోజర్లు పెట్టి చెట్లు కొట్టేశారు. జనం దాన్ని కసి హైవే అన్నారు. 1968లో బిస్కేన్‌ని రక్షిత ప్రాంతం చేశారు, ఆ హైవే మీద అడవి మళ్ళీ పెరిగి ఇప్పుడు నీడబాట అయింది. అక్కడే పక్క దీవిలో నిమ్మ, అనాస పండించుకున్న నల్లజాతి కుటుంబం ఒకటుండేది, జోన్స్‌లు. ఆ ఇంటి కొడుకు పేరు సర్ లాన్సెలాట్ జోన్స్, బిరుదు కాదు, తండ్రి పెట్టిన పేరే అది. బిల్డర్లకి అమ్మనని మొండికేసి, చివరికి పార్కు వాళ్ళకి అమ్మి, బతికినంత కాలం అక్కడే ఉంటానని రాయించుకున్నాడు.

"తెలివైనవాడు" అన్నాడు నాన్న. ఒడ్డున మడ చెట్ల వేళ్ళ మధ్య చిన్న మునక్కాడ ముక్కల్లా తేలుతున్న కాయల్ని అమ్మాయికి చూపించి, ఇవి చెట్టు మీదే మొలకెత్తుతాయి, నీళ్ళలో తేలుతూ పోయి బురద దొరికిన చోట నాటుకుంటాయి, మన కోరింగలో కూడా ఉంటాయి అని పాఠం చెప్పాడు.

నాలుగో రోజు

కీస్ దీవుల మీదుగా, రోడ్డు చివరి ఊరు కీ వెస్ట్ దాకా 113 మైళ్ళు, 42 వంతెనలు. ఇక్కడ అడ్రసులన్నీ మైలురాళ్ళలోనే చెబుతారు. 82వ మైలురాయి దగ్గర, ఇస్లమొరాడాలో, నేను ఆగుదామనుకోలేదు. నాన్నకి బాత్రూమ్ కోసం ఆగాం.

అక్కడ ఒక రాతి స్మారకం ఉంది, గాలికి వంగిపోయిన కొబ్బరి జాతి చెట్లు, కింద అలలు చెక్కారు. 1935 సెప్టెంబరు 2 తుఫానుది. అప్పటికి కీ వెస్ట్ దాకా తెగకుండా పోయేది రోడ్డు కాదు, రైలు. ఫ్లాగ్లర్ అనే ఆయన సముద్రం మీద వంతెనలు కట్టి 1912లో కీ వెస్ట్ దాకా రైలు తీసుకెళ్ళాడు. తుఫాను వస్తోందని తెలిసి, రోడ్డు పనుల్లో ఉన్న మాజీ సైనికుల్ని తీసుకురావడానికి రైలు పంపారు. ఆలస్యంగా పంపారు. ఉప్పెన వచ్చి ఇంజిను తప్ప పెట్టెలన్నిటినీ పట్టాల మీంచి తోసేసింది. నాలుగు వందల మందికి పైగా చనిపోయారు. రైల్వే మళ్ళీ కట్టలేదు, ఆ వంతెనల మీదే 1938లో రోడ్డు వేశారు.

నేను ఇదంతా చదివి చెప్పాను. నాన్న ఆ రాయి ముందు చాలాసేపు నిలబడ్డాడు. 1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెన తర్వాత ఊరివాళ్ళతో కలిసి బియ్యం లారీ మీద అవనిగడ్డ వైపు వెళ్ళాడని నాకు తెలుసు, అంతకు మించి ఎప్పుడూ చెప్పలేదు. ఆ రోజూ ఎక్కువేం చెప్పలేదు. "చెట్ల మీద చీరలు వేలాడేవిరా. ఏ చెట్టు చూసినా" అన్నాడు. కారెక్కాక వంతెనల గురించి మాట్లాడటం మొదలుపెట్టాడు.

ఏడు మైళ్ళ వంతెన గురించి నేనేం రాసినా ఫొటోలు చూసినవాళ్ళకి కొత్తగా ఏం ఉండదు. పక్కన పాత వంతెన ముక్కలు ముక్కలుగా నిలబడి ఉంటుంది, చూడాల్సింది అదే. బహియా హోండాలో మా ఆవిడ కోరిన బీచ్ అయిపోయింది. సాయంత్రం బిగ్ పైన్ కీలో కీ డీర్ అనే పొట్టి జింకలు చూశాం. నిండుగా పెరిగినా మేకంతే ఉంటాయి, ఈ దీవుల్లో తప్ప ఇంకెక్కడా లేవు. ఎవరింటి ముందో గడ్డి మేస్తూ మా వైపు విసుగ్గా చూసింది ఒకటి.

ఐదో రోజు

డ్రై టోర్టూగాస్‌కి కీ వెస్ట్ నుంచి 70 మైళ్ళు, రెండుంపావు గంటలు ఓడలో. టికెట్లు నెలల ముందే తీసుకోవాలి. ఆ దీవుల్లో తాగునీళ్ళు లేవు, అందుకే డ్రై. 1513లో స్పెయిన్ నావికుడు పోన్సె డి లియోన్‌కి తాబేళ్ళు కనిపించాయి కాబట్టి టోర్టూగాస్.

నాన్నకి పడదేమోనని ముందు రోజు నుంచీ టెన్షన్ పడి, వాంతుల మాత్ర వేయించాను. అరగంట గడిచేసరికి కవరు పట్టుకుని కూర్చుంది నేను. చిన్నప్పటి నుంచీ తాటిదోనె మీద తిరిగిన మనిషి, ఓడ అంచున నిలబడి తల వెనక్కి పెట్టి గాలి పీలుస్తున్నాడు, జేబులోంచి ఉప్పు ఉసిరి ముక్క తీసి నా చేతిలో పెట్టి "దూరంగా ఒక్క చోటే చూడు, కిందకి చూడకు" అన్నాడు. పని చేసింది.

నడి సముద్రంలో కోట! ఫోర్ట్ జెఫర్సన్. 1846లో మొదలుపెట్టారు, 1.6 కోట్ల ఇటుకలు పేర్చారు, పూర్తి కాలేదు. గోడ చూస్తూ నాన్న "ఇక్కడ బట్టీ మారింది" అన్నాడు. నిజమే, కింద వరసలు లేత రంగు, పైన ఎరుపు. అంతర్యుద్ధం మొదలయ్యాక దక్షిణాది ఇటుకలు ఆగిపోయి, ఉత్తరాది నుంచి తెప్పించారట. ఆ బరువుకి ఇసుక దిగబడి, వాన నీళ్ళు పట్టుకునే తొట్లు పగిలి ఉప్పునీళ్ళు కలిశాయి. లింకన్‌ని కాల్చినవాడికి కాలు కట్టు కట్టిన డాక్టర్ మడ్‌ని ఇక్కడే ఖైదు చేశారు, 1867లో పచ్చజ్వరం వస్తే సైనికులకి వైద్యం చేసి, ఆ తర్వాత రెండేళ్ళకి క్షమాభిక్ష మీద బయటపడ్డాడు. మా అమ్మాయీ ఆవిడా స్నార్కెల్ పెట్టుకుని కందకం గోడ పక్కన చేపలు చూశారు. నేను నీడలో పడుకున్నాను, మళ్ళీ ఓడెక్కాలన్న భయంతో.

అక్కడ ఫోన్ సిగ్నల్ ఉండదు. సాయంత్రం కీ వెస్ట్ రేవు దగ్గరికి వచ్చాక ఫోన్లో సిగ్నల్ గీతలు కనిపించగానే నాన్న మా బాబాయికి వాట్సాప్ కాల్ చేశాడు. అక్కడ తెల్లవారుజాము, బాబాయి చెరువు దగ్గరకి బయల్దేరుతున్నాడు. కోట గురించి చెబుతాడనుకున్నాను, మొసళ్ళ గురించైనా. చెప్పలేదు.

"రోడ్డు తీసేసి వంతెన వేస్తున్నార్రా ఇక్కడ, కింద నీళ్ళు పోవడానికి" అన్నాడు.

2006లో కొల్లేటి సరస్సులో వెలిసిన చేపల చెరువుల్ని ప్రభుత్వం తీసేయించిన ఆపరేషన్ కొల్లేరులో బాబాయి రెండెకరాల చెరువు గట్టు కొట్టేశారు. కాసేపు ఏం వినపడలేదు, కట్ అయిందేమో అనుకున్నాను.

"ఎవరి చెరువులు పోయినయ్ అన్నయ్యా?"

"చెరువుల్లేవురా. పైన చెరకు తోటలంట."

"అవి కూడా తీసేశారా?"

నాన్న ఫోన్ చెవి దగ్గర పెట్టుకునే నా వైపు చూశాడు. చాలావరకు ఉన్నాయని చెప్పాను.

"ఉన్నాయంటరా" అన్నాడు నాన్న.

"ఆఁ, అదీ సంగతి" అని బాబాయి మేత ధర గురించి ఎత్తుకున్నాడు.